సున్నపు గీత గీసిన కోచ్ సారు

మా ఫుట్‌బాల్ క్లబ్బు పాత కోచ్ సారు మొన్న సోమవారం పెనుకొండలో, కూతురి ఇంట్లో పోయారు. పొద్దున కాఫీ తాగి, "గ్లాసు తీసుకోమ్మా" అన్నారట, అంతే. కబురు వచ్చేసరికి నేను రొద్దంలో ప్రార్థన కూటంలో వాక్యం చెబుతున్నాను. ఏడుపు రాలేదు. నిండుగా బతికిన మనిషి గుర్తొస్తే ముందు స్తోత్రమే నోటికొస్తుంది.

హిందూపురంలో ఇరవై ఏళ్ళు ఆయనే మా కోచ్. ఆట ఉన్న రోజు పొద్దున్నే చెప్పులు విడిచి, సున్నం డబ్బాతో మైదానం గీతలు తానే గీసేవారు. ఇంకొకరిని డబ్బా ముట్టనిచ్చేవారు కాదు. "గీత నేను గీస్తేనే దాని లోపల ఆడమని చెప్పే హక్కు నాకుంటాది" అనేవారు.

తొంభైల చివర్లో ఆయన చూపు మందగించింది, గీతలు వంకరపోయాయి. మేమెవరమూ నోరు విప్పలేదు. గౌరవం అనుకున్నాం. బంతి బయటికి పోయిందో లేదో మాలో మేమే సర్దుకుంటూ రెండేళ్ళు ఆ వంకర గీతల మధ్యే ఆడాం. ఓటములను మాత్రం సర్దలేకపోయాం. కోచ్‌ను మార్చాలని కమిటీ కూర్చుంది. నేను బల్ల గుద్ది లేచాను. "దేవుడు నిలబెట్టినవాణ్ణి దించడానికి మీరెవరు?" అని గర్జించాను. కమిటీ వెనక్కి తగ్గింది. గెలిచాననుకున్నాను.

ఆ శనివారం ధర్మవరం జట్టు వచ్చింది. వాళ్ళ కెప్టెన్ మైదానం మూలన నిలబడి, "ఏమబ్బా, మీ గీత కల్లు తాగొచ్చిందా?" అన్నాడు. వాళ్ళందరూ నవ్వారు. సారు విన్నారు.

ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

"గీత వంకరగా ఉండాదా?"

అవునని తల ఊపాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేండ్ల నుంచి సార్."

"వారం వారం నిప్పులు కురిపిస్తా సత్యం బోధిస్తాండావే, ఈ ఒక్క ముక్క నాకు చెప్పలేకపోతివా?" కోపం లేదు, నవ్వుతున్నారు. "కోచ్‌ను ఎప్పుడు మార్చల్ల? ఓడినప్పుడు కాదప్పా. పిల్లోళ్ళు వాని దగ్గర నిజం దాచిపెట్టిన రోజు మార్చల్ల. నేనే రెండేండ్లు ఆలస్యమైనా."

ఆ సాయంత్రమే తన విజిల్ తీసి మా పాత డిఫెండర్ మెడలో వేశారు. బైబిల్లో, జనాన్ని నలభై ఏళ్ళు నడిపించిన పెద్ద ఆఖరి నదికి ఇవతలే ఆగి, మరొకడి తల మీద చేతులుంచిన అధ్యాయం నేను ఎన్ని కూటాల్లో చదివానో! దాని అర్థం ఆ మైదానంలో తెలిసింది.

కొత్త కోచ్ తాడు కట్టి గీతలు గీయించాడు. ఒక కొస సారే పట్టుకునేవారు. "బిగించండి సార్" అని అతను కేకేస్తే, "ఏమబ్బా, నాకే కోచింగా?" అంటూ మురిసిపోయి లాగేవారు. పెనుకొండకు వెళ్ళేదాకా ఏ ఆటకూ ఆ కొస ఇంకొకరికి ఇవ్వలేదు.

నిన్న పొద్దున మైదానానికి వెళ్ళాను. కొత్త కోచ్ తాడు కొస నా చేతికిచ్చాడు. వేళ్ళు జారకుండా సారు వేసుకున్న ముడి అలాగే ఉంది. దాన్ని పట్టుకుని చివరన కూర్చున్నాను.

"బిగించన్నా" అని కేక వినిపించింది. బిగించాను. తెల్లటి గీత తిన్నగా నా వైపు నడిచి వచ్చింది.