సుగుణ మేడం చూపించిన డ్రైవ్

గద్వాలలో మా ఆఫీసు సర్వర్ గది తలుపు తీసినప్పుడల్లా వేడెక్కిన దుమ్ము వాసన ముఖానికి కొడుతుంది. వెంటనే సుగుణ మేడం గుర్తొస్తారు. నేను వనపర్తిలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఆమే చూసుకునేవారు, కాంట్రాక్టు మీద.

బల్మూర్ నుంచి వచ్చిన నేను అంతకు ముందు మౌస్ పట్టుకుని ఎరగను. ల్యాబ్‌లో ప్రతి తెర వెనకా అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉండేది. థిన్ క్లయింట్ అనేవారు. అసలు పనంతా పక్క గదిలోని సర్వర్‌దే. ఒకరోజు నా ప్రాజెక్టు ఉన్న పెన్‌డ్రైవ్‌ను ఆ డబ్బాకు పెట్టాను. తెర మీద ఎంత వెతికినా కనిపించలేదు. చెడగొట్టేశాననుకుని ఏడుపొచ్చింది. మేడం స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

“ఎందుకు పరేషాన్ అయితున్నవ్ బిడ్డా? నువ్వు చూస్తున్న డ్రైవులు ఆ గదిలున్న సర్వర్‌వి. నీ పెన్‌డ్రైవ్ ఈడ డబ్బాకున్నది. ఇది గూడ ఉన్నదని సర్వర్‌కు మనమే చెప్పాలె.”

ఆమె మౌస్ ముట్టుకోలేదు. కనెక్షన్ సెట్టింగుల్లో లోకల్ డ్రైవులు అన్న చోట టిక్కు నాతోనే పెట్టించారు. మళ్లీ లాగిన్ కాగానే సర్వర్ డ్రైవుల కింద నాదీ కనిపించింది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. “స్కాన్ చేసినంకనే తెరువు” అన్నారు.

ఆ విద్య వచ్చాక నా కాళ్లు నేల మీద నిలవలేదు. స్నేహితురాలి పెన్‌డ్రైవ్ తీసుకుని, స్కాన్ చేయకుండానే, అందరి ఫైళ్లూ ఉండే ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. మర్నాటికి వైరస్ పాకి ప్రాజెక్టులన్నీ పాడయ్యాయి. అప్పగించడానికి వారమే గడువు.

“ఈ డ్రైవులు ఎవరు తెరవనిచ్చిన్రు?” అని ప్రిన్సిపాల్ ల్యాబ్‌లోకొచ్చి గట్టిగా అడిగారు.

“నేనే సార్” అన్నారు మేడం.

సాయంత్రం నన్ను ఆపారు. “సార్‌కు నీ పేరు చెప్పలే. గని ఎవరి ప్రాజెక్టు పోయిందో వాళ్లకు నువ్వే చెప్పాలె. తర్వాత కూసొని టైపు చేద్దాం.”

క్లాసులో అందరి ముందూ నిలబడి చెప్పాను. ఒకమ్మాయి పరీక్షలదాకా నాతో మాట్లాడలేదు. మేడం దగ్గర పాత కాపీలున్నవి తిరిగి పెట్టి, మిగిలినదంతా క్లాసువాళ్ల నోట్సులు చూసి ఇద్దరం నాలుగు రోజులు టైపు చేశాం. అన్నీ సమయానికే అందాయి. మరుసటి ఏడాది మేడం కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు.

పోయినేడు వనపర్తి బస్టాండులో కనిపించారు. ఇన్నేళ్లూ మనసులో ఉన్నది అడిగేశాను. “మీ ఉద్యోగం నా వల్లనే పోయిందా మేడం?”

ఆమె నా చేయి పట్టుకున్నారు. “తెల్వదు బిడ్డా. వాళ్లు చెప్పలే, నేను అడగలే.”

కాదని చెప్పి ఉంటే తేలిగ్గా ఇంటికెళ్లేదాన్ని. ఆమె నాకోసం అబద్ధమాడలేదు. నా బస్సు వచ్చేదాకా నా చేయీ వదల్లేదు. ఆ ప్రశ్న ఇంకా నాతోనే ఉంది. ఆ చేతి వెచ్చదనమూ ఉంది.