సమ్మె టెంటులో టోకెన్లు

2011 సెప్టెంబరులో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు, నేను భూపాలపల్లిలో ఒక భూగర్భ బొగ్గు గనికి అండర్ మేనేజరును. షిఫ్టులో కింద పనిచేసే మనుషుల ప్రాణాలకు పూచీ ఆ హోదాదే. పైగా నాది కోస్తా. నోరు విప్పితే ఊరు తెలిసిపోతుందని ఆ రోజుల్లో కూరగాయలు కూడా వేలు చూపించే కొనేవాణ్ణి.

గనిలో బొగ్గు తవ్వడం ఆపొచ్చు, నీళ్లు తోడడం ఆపకూడదు. అందుకే ఎంత పెద్ద సమ్మెలోనైనా పంపులవాళ్లను కార్మిక సంఘాలు లోపలికి వదిలేవి. ఈసారి పంపుల పేరుతో బయటివాళ్లను దించి బొగ్గు తీస్తున్నారని పుకారు పుట్టింది. ఒకరోజు పొద్దున్నే కార్మికులు గేటు మూసేశారు. మధ్యాహ్నానికి నీళ్లు పంపుల దిమ్మెల దాకా వచ్చి ఉంటాయని నా అంచనా. మోటార్లు మునిగితే గనిలో ఆ భాగాన్ని వదులుకోవలసిందే, అక్కడివాళ్ల కొలువులతో సహా.

మేనేజరు పోలీసులను పిలుద్దామన్నారు. కాసేపు ఆగమని చెప్పి, గేటు ముందున్న సమ్మె టెంటుకు ఒక్కణ్ణే వెళ్లాను. భయం వేసింది, దాచుకోవడం దేనికి?

సంఘం నాయకుడు రాజమల్లు. గని కప్పుకు దుంగలు నిలబెట్టే పని అతనిది. "పంపులే నడుస్తయని మీరంటున్రు. బొగ్గు ఎత్తరని ఎట్ల నమ్మాలె సార్?" అన్నాడు. నాతో దిగి చూడమన్నాను. వెనక నుంచి ఒక యువకుడు, "మునిగితే మునగనీ, ఆంధ్ర సారుకేంది బాధ?" అన్నాడు. పంపు ఆపరేటర్ యాకూబ్ అతని వైపు తిరిగాడు. "బాయి మునిగితె తెలంగాణ అచ్చినంక ఏడ పనిజేస్తవు తమ్మీ?" బాయి అంటే అక్కడ గని.

పంపులవాళ్లను దించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు రాజమల్లు. ఎక్కువమంది ఒప్పుకున్నారు, కానీ మస్టర్ వేయకూడదన్నారు. హాజరు పడితే సమ్మె విరిగినట్టే. లెక్కలో లేని మనిషిని దించితే నేను చట్టం తప్పినట్టే. అటు వాళ్లూ ఇటు నేనూ పట్టు వదల్లేదు. కింద నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి.

చివరికి రాజమల్లే దారి చూపాడు. గనిలోకి దిగే ప్రతివాడూ లాంప్ రూములో దీపం తీసుకుని, తన నంబరున్న ఇత్తడి టోకెన్ అప్పగిస్తాడు. పైకొచ్చాక దీపమిచ్చి అది తీసుకుంటాడు. "ఆ టోకెన్లు గీ టెంట్ల ఉంచుండ్రి. ఎవలు దిగిన్రో ఎవలు ఎక్కిన్రో మేం జూస్తం. హాజరు పడదు, లెక్క తప్పదు. సార్, మీది గూడ."

యాకూబ్, రాజమల్లు, నేను దిగాం. నీళ్లు మోటార్లకు జానెడు కిందే ఉన్నాయి. పంపులు నడిచాయి. పైపు మూతికి పట్టిన చెత్త తీయడానికి యాకూబ్, అతనికి తోడుగా రాజమల్లు ఆగారు. మేనేజరుకు ఫోన్ చేద్దామని నేను ముందు పైకొచ్చాను. టెంటు దాటబోతే ఇందాకటి యువకుడే అడ్డం నిలబడ్డాడు.

"యాకూబన్న టోకెన్ గీడనే ఉంది. ఆయన ఎక్కేదాంక మీరు కదలొద్దు."

అధికారిని ఆపుతున్నానన్న జంకు అతనిలో లేదు. కోపం వచ్చింది. కానీ అతను చేస్తున్నది నా ఉద్యోగమే కాబట్టి నిలబడ్డాను. యాకూబ్, రాజమల్లు బురద కాళ్లతో పైకొచ్చాకే నాకు దారి ఇచ్చాడు.

అనధికార వ్యక్తులకు టోకెన్లు అప్పగించానని నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. నియమం ప్రకారం అది సరైనదే. పోలీసుల కాపలాతో మనుషులను దించి ఉంటే పంపులు ఆ పూట నడిచేవి. కార్మికులు చేతులెత్తి ఒప్పుకున్నారు కాబట్టి సమ్మె ముగిసేదాకా నడిచాయి.