పెన్ డ్రైవ్ కూడా కాళ్లు కడుక్కోవాల

మా రొయ్యపిల్లల హేచరీలోకి ఎంతటి మొనగాడు వచ్చినా చెప్పులు విప్పి, గేటు దగ్గరున్న మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాల్సిందే. బయటి చెరువుల తెగులు లోపలి పిల్లలకు అంటకూడదని ఆ కట్టుబాటు. కాళ్లు ముంచలేదని మా ఓనరు సుధాకర్ అన్న సొంత బామ్మర్దినే గేటు నుంచి వెనక్కి పంపాడు. ఆ తర్వాత ఆ బామ్మర్ది చాన్నాళ్లు మా వైపు రాలేదు.

ఇంత జాగ్రత్తపరులం, ముఖేష్ ఫోన్ సంగతి మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు. ముఖేష్ మా టెక్నీషియన్. కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కుని వచ్చి, చార్జింగ్ కోసమని ఫోన్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు తగిలించాడు. పనిలో పనిగా అందులోని పాటలు కంప్యూటర్‌లో తెరిచాడు. పాటలతో పాటు వైరస్ కూడా దిగింది. ట్యాంకుల్లో గాలి తగ్గితే సైరన్ మోగించాల్సింది ఆ కంప్యూటరే. అది బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే ఒక ట్యాంకుకు గాలి ఆగింది. సైరన్ మోగలేదు. మేమందరం షెడ్డు వెనక కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నాం.

ఆ కంప్యూటర్ చూసుకునేది అబిగయీలు. ఆదివారం చర్చిలో పాడితే తప్ప గొంతు పైకి వినబడని మనిషి. ఆ ట్యాంకులో గాలాడక చచ్చిన రొయ్యపిల్లలను సన్నకంటి వలతో ఎత్తిపోసింది ఆమే. ఏడుస్తూనే ఎత్తిపోసింది. మళ్లీ ఈ వల పట్టే గతి రానివ్వనని అప్పుడే అనుకుంది.

మర్నాడే నెల్లూరు నుంచి మెకానిక్‌ను పిలిపించి కంప్యూటర్‌ను బాగు చేయించింది. కీబోర్డు, మౌస్ తప్ప ఇంకేది తగిలించినా పలకకుండా సెట్టింగ్ పెట్టించింది. మిగిలిన యూఎస్‌బీ రంధ్రాలకు టేపు అంటించింది. మూలన పడి ఉన్న పాత లాప్‌టాప్‌ను తుడిచి, దానికి నెట్ లేకుండా చేసి, గుమ్మం పక్కన బల్ల మీద పెట్టింది. బయటి పెన్ డ్రైవ్ ఏదైనా ముందు అందులోకే. మేం దానికి తొట్టి అని పేరు పెట్టి నవ్వుకున్నాం. ఆమె నవ్వలేదు.

ట్యాంకుల్లో కొత్త పిల్లల్ని వేసిన వారానికి సుధాకర్ అన్న దాణా కంపెనీ మీటింగు నుంచి హుషారుగా వచ్చాడు. చేతిలో రొయ్య ఆకారంలో ఎర్రటి పెన్ డ్రైవ్.

"కొత్త మేత చార్టు ఉంది దీంట్లో. కంప్యూటర్లో పెట్టు మే."

"ఆ లాప్‌టాప్‌లో పెడతానన్నా."

"అందరికీ పంచినారు. మంచి కంపెనీ."

"కంపెనీ మంచిదే. ఇది ఎన్ని చేతులు మారిందో మనకెట్టా తెలస్తది?"

సుధాకర్ అన్న టేపు పీకబోయాడు. అబిగయీలు కుర్చీలోంచి లేచి కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది.

"ఓనర్ని నేనా, నువ్వా?"

"మీరేనన్నా. రేపట్నించి రాబాక అంటే రాను. ఉన్నన్నాళ్లు మాత్రం పెట్టనియ్యను. ఎంత దగ్గరి చుట్టమైనా కాళ్లు ముంచాల్సిందేనని మీ బామ్మర్దిని పంపించేసినారు గదా. పిల్లలు చస్తే ఎత్తిపోసేది నేనన్నా, మీరు కాదు."

గుమ్మం దగ్గర నా పక్కన నిలబడ్డ ముఖేష్ తల వంచుకున్నాడు. ఆమె ఉద్యోగం ఊడిందనే నేను అనుకున్నాను.

సుధాకర్ అన్న విసురుగా వెళ్లి ఆ రొయ్యను తానే పాత లాప్‌టాప్‌కు గుచ్చాడు. మేత చార్టు, కంపెనీ వాళ్ల ఫోటోలు తప్ప అందులో ఏమీ లేదు.

"చూసినావా? వైరస్సూ లేదు, గాడిద గుడ్డూ లేదు."

"సంతోషమన్నా. తొట్టిలో ముంచిన ప్రతి కాలికీ తెగులు ఉంటదా?" అంటూ ఆ చార్టు చూసి అంకెలన్నీ కంప్యూటర్‌లో తనే టైపు చేసుకుంది.

ఆయన వారం రోజులు ఆమెతో ముభావంగానే ఉన్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం చార్జింగ్ అయిపోవచ్చిన ఫోన్, కేబులు పట్టుకుని గబగబా కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచి, ఆగాడు. అబిగయీలు ఆయన వైపు చూసిందంతే.

"అట్టా చూడబాక మే. గోడ ప్లగ్గు యాడుందో చెప్పు."

ఆమె వేలితో చూపించింది. ఆయన అక్కడే నిలబడి, చార్జింగ్ ఎక్కేదాకా గోడకు ఆనుకుని ఫోన్ మాట్లాడుకున్నాడు.

ఆ బ్యాచ్ పిల్లలు రైతుల చెరువులకు బయల్దేరిన రోజున, షెడ్డులో కొక్కేనికి వేలాడుతున్న సన్నకంటి వల ఎండిపోయి గట్టిగా ఉంది. అబిగయీలు దాన్ని ఒకసారి తాకి చూసి, అక్కడే వదిలేసింది.