గలిజేరు షీటు

కాలేజీ వెనక గదిలో దయ్యం ఉందని పిల్లలు పుకారు లేపితే, వారం రోజులు ఆ గదిలోనే క్లాసు పెట్టిన మనిషిని నేను. మెదక్‌లో ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లు బోటనీ చెప్పాను. రుజువు లేనిదే ఏదీ నమ్మను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

నా భార్య సుశీల ప్రైమరీ స్కూలు టీచరు. మాకు పిల్లలు లేరు. ఆదివారాలు ఇద్దరం పొలం గట్ల మీద మొక్కలు ఏరేవాళ్లం. వాటిని పాత పేపర్ల మధ్య పెట్టి, రెండు చెక్కల నడుమ బిగించి, రోజూ పేపర్లు మార్చాలి. వానాకాలం ఒక్కరోజు మరిచినా బూజు పట్టి నల్లబడతాయి. ఎండాక దళసరి కాగితం షీటుకు అతికించి చీటీ రాయాలి: పేరు, ఊరు, తేదీ, ఉపయోగం. నా రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకే చీటీలన్నీ ఆమే రాసేది.

ఉపయోగం దగ్గరే మాకు పేచీ. గట్ల మీద మొలిచే గలిజేరు ఆకుకూర చీటీలో 'కిడ్నీలకు మంచిది' అని రాస్తానంది. రుజువు లేదు, ఖాళీగా వదిలెయ్యమన్నాను. వదిలేసింది.

కొన్నేళ్లకు ఆమెకు క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో కీమో. మందు గడ్డ మీద బాగానే పనిచేస్తోంది, కానీ కిడ్నీలను దెబ్బ తీస్తోంది, ఇంకా పాడైతే ఆపక తప్పదన్నాడు డాక్టరు. అలాంటి దెబ్బ నుంచి కిడ్నీలను కాపాడే గుణం కొన్ని మొక్కల్లో ఉండొచ్చని, ఎలుకల మీద పరీక్షిస్తున్నారని ఎక్కడో చదివి ఆమెకు చెప్పాను. నా నోరు ఊరుకోదు.

"గింత గలిజేరాకు పప్పుల ఏస్కుంటే ఏమైతది సారూ? మా అవ్వ బతికినన్ని దినాలు తిన్నది," అంది. నన్ను సారూ అని ఏడిపించడం ఆమెకు అలవాటు.

డాక్టర్ని అడిగాను. ఏ ఆకు ఏ మందుతో ఎట్లా కలుస్తుందో తెలియదు, వద్దన్నాడు. నేనూ వద్దన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. మూడో కీమో తర్వాత ఆ మందు ఆపేశారు. చలికాలంలో పోయింది.

ఆ ఆకు పెట్టి ఉంటే బతికేదా? ఒక్కడినే వండుకుంటూ, ఒక్కడినే తింటూ అదే అడుక్కునేవాణ్ణి. జవాబు చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు.

తర్వాతి వానాకాలంలో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. తూప్రాన్‌లో చెల్లెలింటికి వెళ్లి, బంద్ పడి రెండు రోజులు అక్కడే చిక్కుకున్నాను. ఇంటికి ఒకటే తాళంచెవి, అది నా జేబులో ఉంది. తిరిగొచ్చేసరికి వాకిట్లో ఒక రోజు పేపరే ఉంది. రెండోది బంద్ వల్ల రాలేదేమో అనుకున్నాను.

దసరా సెలవుల్లో, ఆమె పోయాక మొదటిసారి, చెక్కలు విప్పాను. నేను మొక్కలేవీ పెట్టలేదు, లోపల ఏమీ ఉండకూడదు. షీటుకు అతికించిన గలిజేరు కొమ్మ ఉంది. ఎండింది, పచ్చదనం పోలేదు, బూజు చుక్క లేదు. రోజూ పేపర్లు మార్చకపోతే వానాకాలంలో అట్లా ఎండదు. దాని మీద కప్పింది నాకు అందని ఆ బంద్ రోజు పేపరు. మొదటి పేజీలో డిపోలో ఆగిన బస్సుల ఫొటో.

చీటీ సుశీల చేతిరాత. పాత చీటీల పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. తేడా లేదు. తేదీ కూడా ఆ బంద్ రోజుదే.

చెల్లెలికి చెప్తే, "దుఃఖంల నువ్వే పెట్టి మర్షిపోయినవేమో అన్నా," అంది. అయ్యుండొచ్చు. కానీ ఆ అక్షరాలు నా చేతికి రావు.

ఉపయోగం గడిని మాత్రం అప్పటిదాకా చూడలేదు, వేలు అడ్డం పెట్టుకున్నాను. అక్కడ 'కిడ్నీలకు మంచిది' అని ఉంటే నేనే ఆమెను చంపుకున్నట్టు.

వేలు తీశాను. 'ఇంకా తెలియదు' అని ఉంది.

ఆ పూట గలిజేరాకు కోసుకొచ్చి పప్పు వండుకున్నాను. ఆమె పోయాక ఏడుపు లేకుండా తిన్నది ఆ ఒక్క పూటే. చీటీ ఎవరు రాశారని అడిగితే, దాని మీద ఉన్న జవాబే నాదీ.