వెనక్కి తీసుకోలేని ప్రార్థన

అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ తెలుగు క్రైస్తవ సంఘంలో దేవకుమార్ గారు ప్రార్థనకు నిలబడ్డారంటే ఆడవాళ్ళు ముందు వంటింట్లోకి వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చేవారు. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర మొదలై, మోషేతో ఎర్రసముద్రం దాటి, డాలస్ ట్రాఫిక్‌లోంచి ఎలాగో బయటపడి ఆమెన్ దగ్గరికి చేరేలోపు ఒళ్ళో నిద్రపోయిన పసిపిల్లలకు పళ్ళొచ్చేవి. అంతటి సంఘపెద్దకు ఒక్కతే కూతురు, ప్రేమజ్యోతి. ఆ కూతురికి పెళ్ళి చేయకూడదన్నది ఆయన పట్టుదల.

కారణం అడిగితే ఆరోగ్యం అనేవారు. చిన్నప్పుడు నెల్లూరులో ఆమెకు ఉబ్బసం ఉండేది. అది ఆమెను ఎప్పుడో వదిలేసింది కాని ఆయన్ని వదల్లేదు. నలభైకి దగ్గరపడిన ప్రేమజ్యోతి రోజూ హైవే మీద పెద్ద పెద్ద లారీల మధ్య కారు దూరుస్తూ లాస్ కొలినాస్‌లో ఆఫీసుకు వెళ్ళేది. తిరిగి వస్తూ బియ్యం బస్తా భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కేది. ఆయన తలుపు తీసి, జాలిగా చూసి, "నువ్వు వీక్‌రా అమ్మా," అనేవారు. భార్య పోయాక ఆ ఇంట్లోంచి ఇంకో మనిషి ఏ దారిన వెళ్ళినా ఆయన తట్టుకోలేరని ఆమెకు తెలుసు. తెలుసు కనుకే ఇన్నేళ్ళు ఊరుకుంది.

ఇక ఊరుకోదలచుకోలేదు. చర్చిలో కీబోర్డు వాయించే జోనాథన్, ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే నెమ్మదస్తుడు, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఆమె సరేనంది. తండ్రి మాత్రం తాను పోయాక చేసుకోమన్నారు. ఆయన నడక, ఆయన ఆకలి చూస్తే బైబిల్లో తొమ్మిది వందల ఏళ్ళు దాటి బతికిన మెతూషెలకే పోటీ వచ్చేలా ఉన్నారు.

ఆ రోజుల్లో ఆమెకు తోడు పుస్తకంలోని ఒక ఇంగ్లీషు కవయిత్రి. విక్టోరియా రాణి కాలం మనిషి. నెల్లూరు కాన్వెంటులో సిస్టర్ గారు స్కేలుతో తాళం వేస్తూ ఆవిడ పద్యాలు వల్లె వేయించేవారు. ఆ కవయిత్రి మంచం పట్టిన మనిషి. ఆవిడ తండ్రి తన పిల్లల్లో ఒక్కరికీ పెళ్ళి కాకూడదని శాసించినవాడు. ఆవిడ మాత్రం లండన్‌లో తెరలు వేసిన గదిలో పడుకునే గనుల్లో నలిగిపోయే పిల్లల గురించి రాసి దొరలకు అన్నం సయించకుండా చేసింది. ఆ కవిత్వం చదివి ఇంకో కవి ఆవిడను వెతుక్కుంటూ వచ్చాడు.

ఒక శుక్రవారం పర్సిస్ ఆంటీ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. పర్సిస్ ఆంటీ చేతిలో పడితే తన కోసం ఏమని ప్రార్థించాలో చెప్పకుండా ఎవరూ బయటపడలేరు. ప్రేమజ్యోతి తన సంగతి చెబుదామంటే ఎదురుగా తండ్రి. అందుకని ఒక సహోదరి ఉందని మొదలుపెట్టింది. ఆమె లండన్‌లో ఉంటుందనీ, జబ్బు మనిషనీ, తండ్రి పెళ్ళి చేసుకోనివ్వడం లేదనీ, తోడుగా ఒక కుక్క మాత్రం ఉందనీ చెప్పింది. చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. కాలం మాత్రం చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

సంఘం కదిలిపోయింది. ఒకరు లండన్‌లో తెలిసిన పాస్టరు గారికి ఫోన్ చేస్తామన్నారు. ఒకరు లాయర్‌తో మాట్లాడతామన్నారు. షెరిన్ ఆంటీ అయితే హ్యూస్టన్‌లో గ్రీన్ కార్డున్న అబ్బాయి ఉన్నాడనీ, కుక్కను కూడా తెచ్చుకోమనీ కబురు పెట్టింది. వారం తిరిగేసరికి ఆ సహోదరి కోసం ఉపవాసాలు మొదలయ్యాయి. ప్రేమజ్యోతి నోరు విప్పబోయి ఆగింది. ఇంతమంది ఒక ఆడమనిషి పెళ్ళి కోసం ఆకలితో ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు.

తర్వాతి కూడికలో దేవకుమార్ గారే లేచి నిలబడ్డారు. ఆ రోజు ఆదామును పలకరించకుండా నేరుగా లండన్ వెళ్ళారు.

"ప్రభువా, కన్నబిడ్డను గదిలో పెట్టి తాళం వేసినవాడు తండ్రి కాడు, నీ ప్రజల్ని బానిసలుగా పట్టి ఉంచిన ఫరో. వాడి గుండె పగలగొట్టు. ఆ బిడ్డను గడప దాటించు. వాడు అడ్డం పడితే వాడినే పక్కకి లాగెయ్యి."

ఇల్లు అదిరేలా అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ప్రేమజ్యోతి. ఆ పైన లేచి, ఆ సహోదరి ఒక కవయిత్రి అనీ, చనిపోయి నూట అరవై ఏళ్ళు దాటాయనీ చెప్పింది.

పర్సిస్ ఆంటీ చేతిలో సమోసా ప్లేటు ఆగిపోయింది. "మరి మేము ఎవరి కోసం ఫాస్టింగ్ ఉన్నామే?"

"నా కోసం ఆంటీ. జోనాథన్‌ని పెళ్ళి చేసుకుంటానంటే డాడీ వద్దంటున్నారు."

కీబోర్డు దగ్గర జోనాథన్ తల దించుకోలేదు, లేచి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. దేవకుమార్ గారి ముఖం ఎర్రబడింది.

"నన్ను పట్టుకుని ఫరో అంటావా?"

"నేనెక్కడన్నాను డాడీ? మీరే అన్నారు."

"అయితే నా ప్రార్థన నేను వెనక్కి తీసుకుంటున్నా."

"కుదరదు బ్రదర్ గారూ," అంది పర్సిస్ ఆంటీ, ప్లేటు కింద పెడుతూ. "మేమందరం ఆమెన్ అన్నాం. పైకెళ్ళింది పైకెళ్ళినట్టే."

ఆయన కోటు తీసుకుని ద్వారం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అడిగారు. "ఆ తండ్రి చివరికి ఏం చేశాడు?"

"ఆవిడ చాటుగా పెళ్ళి చేసుకుని ఇటలీ వెళ్ళిపోయింది. ఆయన క్షమించలేదు. ఆవిడ రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపేశాడు."

"మంచి పని చేశాడు," అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ ఎండాకాలంలోనే పెళ్ళయింది. చాటుగా కాదు, సంఘమంతా చూస్తుండగా. దేవకుమార్ గారు రాలేదు. పర్సిస్ ఆంటీయే పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని వేదిక దాకా నడిపించింది.

ఆ కవయిత్రి ఇటలీలో ఆ దేశం స్వేచ్ఛ గురించి రాస్తూ బతికింది, అక్కడే పోయింది. ప్రేమజ్యోతికి పారిపోవాలనిపించలేదు. తండ్రి ఉన్న కాంప్లెక్స్‌లోనే, ఆయన బాల్కనీకి ఎదురుగా అపార్ట్‌మెంట్ తీసుకుంది. మొదటి రోజే ఆయన బ్లైండ్స్ దించేశారు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె చేపల పులుసు గిన్నెతో వెళ్ళి బెల్ కొట్టింది. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"వెళ్ళిపో. నిలబడితే ఆయాసం వస్తుంది నీకు," అన్నారాయన లోపలినుంచి.

"రాదు డాడీ. ఉత్తరమైతే తిప్పి పంపేవారు. నేను మనిషిని," అని, ఆమె గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని మళ్ళీ బెల్ కొట్టింది.