అమ్మ వాచీ పెట్టుకునే వేళ

మా ఇంట్లో బడి గంట అంటే ఒక సొట్టపోయిన స్టీలు పళ్ళెం. వంటింటి కిటికీ ఊచకు సుతిలి తాడుతో కట్టి ఉండేది. పొద్దున తొమ్మిదయితే నా భార్య గరిటెతో దాన్ని ఠంగుమని కొట్టేది. నైట్ షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన బొగ్గు దుమ్ము కడుక్కుని అప్పుడే కన్ను మూసిన నాకు ఆ మోత నెత్తి మీద మొట్టినట్టుండేది.

"నీ బడేమో గాని నా పానం తీస్తున్నవ్" అని దుప్పట్లోంచే అరిచేవాణ్ణి.

"థర్మల్ ప్లాంటులో అంత మోతలో పనిచేసే మనిషికి పళ్ళెం మోత ఎక్కువైందా?" అనేది. ఆమెది మధిర వైపు. మాట మెత్తగానే ఉంటుంది, తగలాల్సిన చోటే తగులుతుంది.

పళ్ళెం మోగిందంటే ఇక ఆమె అమ్మ కాదు, టీచర్. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఫ్రిజ్ మీది వాచీ తీసి చేతికి పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. పదేళ్ళ మా వాడూ, ఏడేళ్ళ పాపా చాప మీద కూర్చుని "గుడ్ మార్నింగ్ టీచర్" అనాలి. ఆ వేళప్పుడు పొరపాటున "అమ్మా" అంటే పలికేది కాదు. పెళ్ళికి ముందు నుంచీ ప్రైవేటు స్కూల్లో చెప్పిన మనిషి. గారాబం కలిసిందంటే చదువు రాదని ఆమె నమ్మకం. మధ్యాహ్నం మళ్ళీ పళ్ళెం మోగేది. వాచీ తీసి ఫ్రిజ్ మీద పెట్టేది. అప్పటిదాకా "చేతులు కట్టుకో" అన్న నోరే "ఆకలేస్తోందా నాన్నా?" అనేది. మొదట్లో నేను పడీ పడీ నవ్వాను. పిల్లలు మాత్రం నవ్వలేదు.

పాల్వంచ అవతల, టేకు అడవి మొదలయ్యే చోట మాదొక కిరాయి ఇల్లు. అక్కడ బడులు లేక పిల్లల్ని ఇంట్లో పెట్టుకోలేదు. మా వాడు రెండో తరగతి దాకా ప్రైవేటు బడికి వెళ్ళాడు. అక్కడ వాడి పేరు మొద్దు. వేళ్ళ కణుపులు వాచి ఇంటికొచ్చేవాడు. కొన్నాళ్ళకు యూనిఫారం చూస్తేనే వాంతి చేసుకునేవాడు. మేమిద్దరం ఉపవాసముండి ప్రార్థన చేశాం. పిల్లలకు నేర్పించే భారం దేవుడు తల్లిదండ్రుల మీదే పెట్టాడని మా సంఘం పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం వాక్యం చెప్పారు. అదే జవాబని ఆమె అనుకుంది. ఉద్యోగం మానేసింది.

మా అక్క ఊరుకుంటుందా? "కాకిపిల్ల కాకికి ముద్దు. రేపు గీ పోరనికి నౌకరి ఎవలిస్తరు?" అని ఇంటికొచ్చి మరీ అడిగింది. నా భార్య టీ ఇచ్చి పంపింది గానీ ఆ మాట మాత్రం లోపల దాచుకుంది.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మేం తలా కొన్ని వచనాలు చదువుతాం. మొదటి ఏడాది మా వాడు వింటూ కూర్చునేవాడంతే. మేమూ బలవంతపెట్టలేదు. ఒక సాయంత్రం తనే బైబిలు అందుకున్నాడు. వరస కింద వేలు పెట్టి, ఒక కీర్తన మొత్తం ఎక్కడా తడబడకుండా చదివేశాడు. ఆమె ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె మందిరంలో లేచి నిలబడి, "బడి మొద్దన్న నా బిడ్డ నోరు ప్రభువు తెరిచాడు" అంది. మందిరమంతా హల్లెలూయ అంది.

అప్పటి నుంచి వాడు సంఘానికి ముద్దుబిడ్డ అయ్యాడు. ఎవరింట్లో ప్రార్థన కూడిక పెట్టినా ముందు వాక్యం చదివేది వాడే. సంఘ వార్షికోత్సవానికి ఖమ్మం నుంచి అతిథులు వస్తున్నారని, స్టేజీ మీద వాడి చేతనే చదివిస్తామని అయ్యగారు చెప్పారు. నా భార్య వాడికి తెల్ల చొక్కా కుట్టించింది. మా అక్కను కూడా రమ్మని పిలిచింది.

అంతకు ముందు వారం, పర్ణశాల దారిలో ఒక విశ్వాసి ఇంట్లో కూడికకు నేనూ వాడూ వెళ్ళాం. తిరిగొచ్చేసరికి భద్రాచలం బస్టాండు యాత్రికులతో కిక్కిరిసి ఉంది. వాడికి నా కర్చీఫ్ ఇచ్చాను.

"నేను జల్దీ పోయి నీళ్ళ బాటిల్ తెస్త. కొత్తగూడెం బోర్డు చూడు. బస్సు రాంగనే కిటికీల నుంచి సీటు మీద కర్చీఫ్ వెయ్."

నేను బాటిల్ కొనుక్కుని వచ్చేసరికి కొత్తగూడెం బస్సు గేటు దాటి పోతోంది. వాడు కర్చీఫ్ పట్టుకుని నేను నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నాడు.

"ఏందిరా, బస్సు నీ ముక్కు ముందల నుంచే పాయె గదా!"

"రాలే నాన్నా."

"రాకపోవుడేంది? మరి గా పోయేదేంది?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చెయ్యి లేచింది. వాడు తప్పుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, అరచేతులు ముందుకు చాపి నిలబడ్డాడు. ఇంట్లో వాణ్ణి ఎవరం కొట్టలేదు. పాత బడిలో నేర్చుకున్నది ఇంకా మర్చిపోలేదు. చెయ్యి దించేశాను.

అప్పుడే ఇంకో బస్సు వచ్చి ఆగింది. "గా బోర్డు మీద ఏముంది? చదువు" అన్నాను. వాడు బోర్డు వైపు చూశాడు, తర్వాత నా ముఖం వైపు చూశాడు. "కొత్తగూడెం" అన్నాడు. అది మణుగూరు బస్సు.

వాణ్ణి సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, సంచిలోంచి బైబిలు తీసి, చేతికొచ్చిన చోట తెరిచి వాడి ఒళ్ళో పెట్టాను. "ఇది చదువు." వాడు గొంతు సవరించుకున్నాడు. వేలు మొదటి వరస కిందికి వెళ్ళింది. ఆగాల్సిన చోట ఆగుతూ, ఒక కీర్తన ఎంతో చక్కగా చదివాడు. ఒక వరస అవగానే వేలు కింది వరసకు దిగేది. నేను తెరిచింది వంశావళి. ఆ పేజీ నిండా తండ్రుల పేర్లూ కొడుకుల పేర్లూ తప్ప ఇంకేమీ లేవు.

"గిదంత నీకెట్ల వచ్చింది?"

"చెల్లె చదువుతది, నేను వింట. రెండుసార్లు వింటే వస్తది." తల వంచుకునే చెప్పాడు. "అక్షరాలు నిలబడయి నాన్నా. నేను చూస్తుంటే కదులుతయ్."

చూసి రాయమంటే వాడు ముత్యాల్లా రాసేవాడు. పాఠం చదివి వినిపించి అడిగితే అన్నింటికీ జవాబులు చెప్పేవాడు. డిక్టేషన్‌లో తప్పులు వస్తే మాత్రం, అశ్రద్ధ అని టీచర్ ఇంపోజిషన్ రాయించేది. వాడు రాస్తున్నవి అక్షరాలు కావనీ, బొమ్మలు వేసినట్టు వేస్తున్నాడనీ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"అమ్మకు చెప్పకు నాన్నా. అమ్మ మందిరంల సాక్ష్యం చెప్పింది గదా, అబద్ధమైతది" అన్నాడు.

ఇంటికి వెళ్ళి నేను చెప్పలేదు. ఎలా చెప్పను? ఆమె ఉద్యోగం మానుకున్నది వాడి కోసం. మా అక్క మాటకు ఆమె దగ్గరున్న జవాబు వాడొక్కడే. షిఫ్టులో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు పక్కన నడుస్తూ దేవుడితో పోట్లాడాను. మేము వద్దన్నామా, వాడికి నిజంగానే చదువు ఇస్తే నీ సొమ్మేం పోయింది అని అడిగాను. ఆ వారమంతా తోటివాళ్ళ మీద అయినదానికీ కానిదానికీ విసుక్కున్నాను. ఇంట్లో ఆమె ఆ తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే అటు చూడలేక బయటికి వెళ్ళిపోయేవాణ్ణి.

శనివారం పొద్దున నేను పడుకుని ఉన్నాను. ముందు గదిలో బడి నడుస్తోంది. అయ్యగారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. రేపు మా వాడు చదవాల్సిన వాక్యభాగం అతిథి మార్చారట. ఆమె ఫోను పెట్టేసి, "కొత్త అధ్యాయం. ఒక్కసారి చదివి వినిపించు" అంది.

పేజీలు తిప్పిన చప్పుడు అయింది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. తర్వాత సన్నగా గుసగుస వినపడింది. ఆ వెంటనే మా వాడి గొంతు, గట్టిగా. మళ్ళీ గుసగుస, మళ్ళీ వాడి గొంతు. పక్కన కూర్చున్న పాప పుస్తకంలోకి తొంగి చూస్తూ అందిస్తోందని అర్థమైంది. అలా కొన్ని వచనాలు నడిచాయి. ఒకచోట పాపకు నోరు తిరగని మాట ఏదో వచ్చింది. పాప ఆగింది. వాడూ అక్కడే ఆగిపోయాడు.

నేను లేచి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా భార్య, వాచీ ఉన్న చేత్తో పాప నోరు మూసి పట్టుకుని ఉంది. "ఇప్పుడు చదువు" అంది.

వాడు నన్ను చూశాడు. "చెప్పినవా నాన్నా?" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మీకు తెలుసా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. ఆమె కుర్చీలోంచి లేచి వాడి ముందు కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి నుంచే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"టీచర్‌కు చెప్పాల్నంటే భయమైంది."

"పళ్ళెం కొట్టాక అమ్మకు చెప్పొచ్చు కదరా! అమ్మంటే కూడా భయమేనా నీకు?"

వాడు కాదన్నట్టు తల ఊపాడు. "అమ్మకు చెప్తే, అమ్మ టీచర్‌కు చెప్తది గదా."

ఆమె వాడి ముందున్న పుస్తకం మూసేసింది. ఏ పిల్లాడైనా బడిలో ఎన్ని దెబ్బలు తిన్నా సాయంత్రం ఇంటికొస్తాడు. మా టీచర్ ఇట్లా అంది అని తల్లికి చెప్పుకుంటాడు. తల్లి ఆ టీచర్ని నాలుగు తిట్టి అన్నం పెడుతుంది. మా వాడికి అలా వచ్చి చెప్పుకునే ఇల్లు లేకుండా చేశాం మేము.

ఆ సాయంత్రం ఇద్దరం అయ్యగారి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆయన మంచివాడు. పాపం, నెత్తి మీద కార్యక్రమం పెట్టుకుని ఉన్నాడు. "రెండుసార్లు వింటే వస్తదంటుండ్రు గదా సిస్టర్. పుస్తకం చేతుల పట్టుకుని చెప్తడు. ఎవలకు తెలుస్తది?" అన్నాడు. నాకు సరే అనాలనే అనిపించింది. ఆమె మాత్రం, "చెప్తాడండీ. పుస్తకం మాత్రం పట్టుకోడు" అంది. ఇంటికొచ్చి ఆ అధ్యాయం తనే చదివి వాడికి వినిపించింది. రెండోసారికే వచ్చేసింది.

ఆదివారం వాడు తెల్ల చొక్కా వేసుకుని స్టేజీ మీద వట్టి చేతులతో నిలబడ్డాడు. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. జనం ఇంకా పొంగిపోయారు. "అబ్బ, చూడకుండనే చెప్పిండు!" అన్నారు. సాక్ష్యం చెప్పమని పక్కనున్న పెద్దావిడ నా భార్యను మోచేత్తో పొడిచింది. ఆమె లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అవి ఆనందబాష్పాలనుకుని మా అక్క కూడా కళ్ళు తుడుచుకుంది.

దారిలో ఆమె అడిగింది. "అప్పుడు నేను చెప్పింది అబద్ధ సాక్ష్యమేనా, ఏమండీ?"

"వాడికంత జ్ఞాపకం ఇచ్చింది దేవుడే గదా" అన్నాను.

"మరి నా కళ్ళకేమైంది?" అంది. ఇలాంటి పిల్లల్ని చూసే డాక్టరు ఖమ్మంలో ఉన్నారట, తీసుకుపోదామని మాత్రం అన్నాను. ఆమె ఊఁ కొట్టింది.

సోమవారం తొమ్మిది దాటినా పళ్ళెం మోగలేదు. మోత లేకపోతే నాకు హాయిగా నిద్ర పట్టాలి. పట్టలేదు. లేచి వచ్చి చూశాను. వాచీ ఫ్రిజ్ మీదే ఉంది. ఆమె చాప మీద, పిల్లల పక్కన కూర్చుని ఉంది. వాడు పలక ఒళ్ళో పెట్టుకుని ఆమె బోసి మణికట్టు వైపే చూస్తున్నాడు.

"బెల్లు కొట్టలేదేంది?" అని అడిగాడు.

"ఇక కొట్టను నాన్నా."

"మరి టీచర్?"

"లేదు. వెళ్ళిపోయింది. ఇక అమ్మే."

వాడికి నమ్మకం కుదరలేదు. ఒకసారి ఫ్రిజ్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత పలక పక్కన పెట్టి, ఆమె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"అమ్మా, మా టీచర్ ఉండె గదా... చెల్లె ముందల నాతోటి ఇంపోజిషన్ రాయించేది. నాకు మస్తు ఏడుపొచ్చేది."

నా భార్య పెదవి బిగబట్టింది. వాడి తల మీద చెయ్యి వేసి, "ఊఁ, ఇంకా ఏం చేసేది?" అని అడిగింది.