ముస్తాక్ దుకాణాన్ని చల్లబరిచిన దానమ్మ

మార్కాపురం పాత బజారులో ముస్తాక్ అహ్మద్ బట్టల దుకాణానికి నాలుగో ఏసీ బిగిస్తున్న రోజునే దానమ్మ అక్కడికి వచ్చింది. మిద్దె ఒకచోట కారుతుంటే అతుకు వేయమని ఆమెను పిలిపించారు.

అది ముస్తాక్ తాత కట్టించిన దుకాణం. రెండడుగుల మందాన రాతిగోడలు, టేకు దూలాలు, సున్నపు మిద్దె. ముస్తాక్ తండ్రి హయాంలో గోడలకు సిమెంటు పూసి, వెంటిలేటర్లు మూసి, ఫాల్స్ సీలింగ్ వేయించారు. ఆనాటి నుంచీ ఏసీలు పెరిగాయే గాని ఉక్క తగ్గలేదు.

దానమ్మకు అరవై దగ్గరపడుతున్నాయి. ఆమె నాయన ఏసురత్నం సున్నం పనిలో పేరున్న మేస్త్రీ. కొడుకులిద్దరూ సిమెంటు పనిలోకి పోతే, తట్టలు మోస్తూ వెంట తిరిగిన కూతురికి ఆ పని పట్టుబడింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఇటుకలందిస్తూ, చిన్నచిన్న అతుకులేస్తూ కూలీగానే ఉండిపోయింది.

ఆమె తల పైకెత్తి చూసింది.

“ఏందన్నా, వెంటిలేటర్లు మూసినారు?”

“ఏసీ గాలి బయటికి పోతాదని మా నాయన మూయించినాడక్కా.”

“మరి లోపల పుట్టిన వేడి యాడికి పోవాల?”

ఏసీ కిందే కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్న ముస్తాక్ తల్లి జహరాబీ అందుకుంది. “నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం ఇక్కడే కునుకు తీసేదాన్ని. ఇప్పుడు కూర్చుంటే తల పగిలిపోతాంది.”

“వెనక గది నాకియ్యన్నా,” అంది దానమ్మ, జహరాబీ వైపు చూపిస్తూ. “మే నెలలో ఏసీ లేకుండా బీబమ్మ అందులో నిద్రపోవాల. పోకపోతే నా తాపీ నీకిచ్చేసి పోతా.”

తాపీతో తనకేం పనో ముస్తాక్‌కు అర్థం కాలేదు గాని, తల్లి అప్పటికే సరేనంది.

ఫిబ్రవరిలో పని మొదలైంది. సీలింగు విప్పగానే పైనుంచి మూడు క్రికెట్ బంతులు, పావురం గూడు, చీరలు కట్టే నిలువెత్తు బొమ్మది ఒక చెయ్యి పడ్డాయి. చెయ్యి సరిగ్గా ముస్తాక్ భుజం మీద వాలింది. అతను వేసిన కేకకు ఎదుటి మందుల షాపు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. దానమ్మ సిమెంటు పూత చెక్కించి, వెంటిలేటర్లు తెరిపించి, సున్నం నానబెట్టింది. అందులో పోయడానికి బెల్లం, కరక్కాయ నీళ్లు సిద్ధం చేస్తుంటే బజారంతా చూడ్డానికి వచ్చింది.

“దుకాణానికి అరిసెల పాకం పడతన్నారా?” అన్నాడొకడు.

“పడతన్నాం. చీమలకు చెప్పినాం, నీకు చెప్పడం మరిచినాం,” అంది దానమ్మ. చీమలు నిజంగానే బారులు తీరాయి.

దానమ్మ ఉండే పల్లె నుంచి ఆమె తోటి కూలీ రోజీతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. మిద్దె మీద కొత్త సున్నం పరిచి, కీర్తనలు పాడుతూ ఆ దరువుకే చెక్కపలకలతో మొత్తారు. అజాన్ వినిపించినప్పుడల్లా పాట ఆపేవాళ్లు, దెబ్బ ఆపేవాళ్లు కాదు.

ముస్తాక్‌కు మాత్రం ఓపిక లేదు. “సిమెంటయితే రేపటికి ఆరిపోయేది గదక్కా!”

“దీనికి నెల పడతాది. ఏం, నీకు బస్సు టైమైందా?”

మే నెల రెండో వారం ఎండలు మండిపోతుండగా పరీక్ష జరిగింది. జహరాబీ వెనక గదిలో నులక మంచమేసుకుని కూర్చుంది. ముస్తాక్ గోడకు థర్మామీటరు తగిలించాడు. అతను దాని అంకెలు చదివేలోపే కరెంటు పోయింది. ముందు హాలులో ఏసీలు ఆగి, పది నిమిషాల్లో కొనేవాళ్లు కొంగులతో విసురుకోసాగారు. పెళ్లి బట్టలకని యర్రగొండపాలెం నుంచి వచ్చిన ఒక కుటుంబం చీరలతో సహా వెనక గదిలోకి నడిచింది. మిగతావాళ్లూ వాళ్ల వెంటే వచ్చారు. అంతమంది మాటల మధ్య మంచం మీద గురక వినిపించింది.

ముస్తాక్ గొంతు తగ్గించాడు. “ముందు హాలు ఎప్పుడు మొదలుపెడతావక్కా?”

దానమ్మ నవ్వి, “బీబమ్మ లేచినాక మాట్లాడదాం,” అంది.

వానాకాలం దాటేసరికి హాలు కూడా పూర్తయింది. మూడు ఏసీలు తీసేశారు. మరుసటి ఎండాకాలం ముస్తాక్‌కు కొత్త చిక్కొచ్చింది. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లంతా దుకాణంలోకొచ్చి కూర్చుని, బస్సొచ్చినా లేచేవాళ్లు కాదు.

ఒకరోజు దానమ్మ దుకాణం పెరటి గోడకు అతుకు వేసి తాపీ కడుగుతుండగా, ముస్తాక్‌కు కనిగిరి నుంచి ఫోనొచ్చింది. అక్కడ నూనె వ్యాపారం చేసే ఒకాయనకూ ఇలాంటి పాత కొట్టే ఉంది. “ఆ సున్నం మేస్త్రీని పంపించు భాయ్, వస్తాడా?” అని అడిగాడు.

“వస్తాడు కాదు, వస్తాది,” అన్నాడు ముస్తాక్. “దానమ్మ మేస్త్రీ.”

మేస్త్రీ అన్న మాట ఆమె పేరు పక్కన చేరడం అదే మొదటిసారి. దానమ్మ మొహం తిప్పుకుని, కడిగిన తాపీనే మళ్లీ చాలాసేపు కడిగింది. తర్వాత ఫోను లాక్కుని గొంతు సవరించుకుంది.

“అన్నా, సోమవారం వస్తాండా. నేనొచ్చేదాకా సిమెంటు బస్తా లోపలికి రానియ్యొద్దు.”